కొమ్ములేని బరువు (టీకా తాత్పర్య సహితం)

మూలం:
పబ్లిక్ ఫ్లోట్ $బరువు = 0.0;

అవతారిక: మాకవరపాలెంలో మా మావయ్య బెల్లం లెక్కలకు నేను రాసిన పీహెచ్‌పీ ప్రోగ్రాంలో 'బిల్లు' అను క్లాసు మొదట ఉన్న వాక్యమిది. డాలర్ గుర్తు పక్కన తెలుగేమిటని శంకించరాదు. పీహెచ్‌పీలో పేర్లకు తెలుగు లిపి చెల్లును.

ప్రతిపదార్థం: పబ్లిక్ = సంతలో పెట్టినట్టు ఎవరైనా చూడదగినదీ, మార్చదగినదీ ('ప్రైవేట్' అను పాఠమే మేలని టీకాకారుని మతం); ఫ్లోట్ = దశాంశాలు గల (ప్రాపర్టీకి ఇట్టి విశేషణం 2019 నాటి 7.4 వెర్షన్ నుంచే ప్రయోగార్హం); $బరువు = బరువు అను ప్రాపర్టీ; 0.0 = కాటా ఎక్కక మునుపు సున్నా; సెమీకోలన్ = మరువరాదు.

తాత్పర్యం: ఈ క్లాసులో పుట్టే ప్రతి బిల్లుకూ బరువనేది ఒకటి ఉండునని ముందే చాటుట.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో 'బరవు'. ఆ ప్రతులు నావే. దిగువన ఒకచోట $దిస్->బరవు = 412.5; అని కొట్టాను. రకారానికి కొమ్ము పోయింది. పీహెచ్‌పీ కిక్కురుమనలేదు. ఆ కొమ్ములేని పేరుతో అప్పటికప్పుడు కొత్త ప్రాపర్టీని పుట్టించి, 412.5 దాని చేతిలో పెట్టింది. అసలు బరువు సున్నా దగ్గరే కూర్చుంది. దాన్ని ధరతో గుణిస్తే వచ్చిన మొత్తం: రూ.0. మావయ్య కాగితం అటూ ఇటూ తిప్పి, "దిమ్మలన్నీ ఊరికినే ఇచ్చీసినావేట్రా?" అన్నాడు. రసం ఆయనకు రౌద్రం, నాకు కరుణం.

పూర్వపక్షం: పేరు రాయగానే ప్రాపర్టీ పుట్టడం సుఖమే కదా, ముందు చాటనేల?

సమాధానం: ఆ సుఖమే అచ్చుతప్పును శిష్టప్రయోగం చేసింది. మా మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారిన 2022లోనే, డిసెంబరు 8న, 8.2 వెర్షన్ వచ్చింది. చాటకుండా పుట్టిన ప్రాపర్టీని చూస్తే 'డిప్రికేటెడ్' అని అది గొణుగుతుంది. గొణుగుతుందే గానీ పని ఆపదు. ఆపడాన్ని 9వ వెర్షన్‌కు వాయిదా వేశారు. సర్వర్‌లో హెచ్చరికలు కనబడకుండా పెట్టుకున్నవాడికి ఆ గొణుగుడూ వినబడదు. నెత్తిన 'అలౌ డైనమిక్ ప్రాపర్టీస్' అని రాసుకున్న క్లాసులకు మాత్రం ఈ ఆక్షేపణ లేదు. పాత కోడ్‌తో వేగలేక అలా రాసుకునేవారిని క్షమించవచ్చు. కొత్తగా రాస్తూ రాసుకుంటే బద్ధకమే.

కొమ్ము పెట్టి బిల్లు మళ్లీ తీశాను. మావయ్య ఈసారి మొత్తం జోలికే పోలేదు. బరువు మీద వేలు పెట్టి, "తరుగు తియ్యలేదేటి?" అన్నాడు.

'తరుగు' మూలంలో లేదు.