ప్రారంభోత్సవాల బాబు

కాజీపేట జంక్షన్‌కు కూతవేటు దూరంలో కూర్చుని, హైదరాబాద్ కంపెనీకి ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కుర్రాళ్లలో ఒక రకం ఉంది. ఏ పనైనా మొదలుపెట్టడమంటే ఇతనికి మహా సరదా. అది ఏమైందో కనుక్కోవడం ఇంకొకరి డ్యూటీ. "గ్యాస్ అచ్చిందా బిడ్డా?" అని తల్లి అడిగితే "బుక్ చేసిన గదనే" అంటాడు. కాట్లిన్‌లో కోరొటీన్ మొదలుపెట్టినా ఇదే వరస: గ్లోబల్‌స్కోప్.లాంచ్ అని కొట్టి చాయ్‌కి లేస్తాడు. 2021లో వచ్చిన కోరొటీన్ లైబ్రరీ 1.5 వెర్షన్ నుంచీ అక్కడ హెచ్చరిక కనబడుతోంది, ఇది సున్నితమైన వ్యవహారం, చూసి వాడమని. మనవాడు చూస్తాడు. చూసి, పైన ఆప్ట్‌ఇన్ అని ఒక ముక్క తగిలించి హెచ్చరికనే మాయం చేస్తాడు.

లాంచా, అసింకా అన్న చర్చలో ఇతణ్ని ఓడించడం కష్టం. ఫలితం అక్కర్లేకపోతే లాంచ్, కావాలంటే అసింక్ అని గడగడా అప్పజెబుతాడు; అది నిజం కూడా. కానీ అంతకన్నా ముందు తేలాల్సింది, ఆ పని ఎవరి ఖాతాలో పడుతుందని. వ్యూమోడల్‌స్కోప్‌లో మొదలైన పని ఆ స్క్రీన్‌తోపాటే రద్దవుతుంది. గ్లోబల్‌స్కోప్‌లో పుట్టినదాన్ని అడిగే నాథుడు లేడు. చూసేవాడు వెనక్కి వెళ్లిపోయినా ఫొటోలు దిగుతూనే ఉంటాయి, డేటా కరుగుతూనే ఉంటుంది. అక్కడే అసింక్ వాడి అవెయిట్ మరిచాడా, లోపల పని చెడినా బయటికి చప్పుడు రాదు. ఇతని ఊరి పట్టాల భాషలోనే చెప్పాలంటే, పాత బ్లాకు పద్ధతిలో ముందు స్టేషను లైన్ క్లియర్ ఇవ్వనిదే బండిని వదలరు. చేరాక కూడా చివరి పెట్టె వెనక ఎల్.వి. బోర్డు కనబడితేనే బండి పూర్తిగా వచ్చినట్టు లెక్క.

లాగ్ పంపడానికి కూడా ఇంత తతంగమా అన్నది ఇతని ఎదురు ప్రశ్న. కోరొటీన్‌లు థ్రెడ్‌లంత బరువుండవు, వేలల్లో మొదలుపెట్టినా ఫర్వాలేదంటాడు. ఒప్పుకోవాల్సిందే. అయితే ఫలితం అక్కర్లేని పనికీ ఒక యజమానిని పెట్టొచ్చు: యాప్ మొత్తానికి ఒక స్కోప్ తయారుచేసి సూపర్‌వైజర్‌జాబ్ అప్పగిస్తే, ఒక లాగ్ చెడినంత మాత్రాన తక్కినవి ఆగవు. ఇంత చెబితే బాబు రెండో కొసకి దూకి రన్‌బ్లాకింగ్ పట్టుకుంటాడు, ఎదురుచూడమన్నది మీరే కదా అని. మెయిన్ థ్రెడ్ మీద అది కూర్చుందంటే స్క్రీన్ బిగుసుకుపోతుంది. వేలు తాకిన 5 సెకన్లకీ ఉలుకూపలుకూ లేకపోతే, యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడే నలుగురిలో పరువు తీస్తుంది. యాప్ మూసేసినా జరిగి తీరాల్సిన పనులకు వర్క్‌మేనేజర్ ఉందని ఇతనికి తెలియదా? ఆ జవాబు చెప్పే కదా ఇంటర్వ్యూ గట్టెక్కింది! కాకపోతే దానికి పది లైన్లు రాయాలి, గ్లోబల్‌స్కోప్‌కి ఒకటి చాలు.