స్టైలన్న

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్ సందుల్లో గ్రూప్స్‌కి తయారయ్యేవాళ్లు రెండు రకాలు. చదివేవాళ్లు, ఎలా చదవాలో తేల్చుకునేవాళ్లు. రెండో రకంలో సీనియర్‌ని అందరూ స్టైలన్న అంటారు. అసలు పేరు హాల్‌టికెట్ మీద ఉంటుంది గానీ, దాన్ని చూసేది ఇన్విజిలేటరు ఒక్కడే.

స్టడీ హాల్లో కొత్త కుర్రాడు కనబడితే అన్న వేసే మొదటి ప్రశ్న, "తమ్మీ, నీది విజువలా, ఆడిటరీనా?"

కుర్రాడు బిత్తరపోయి, "మాది నల్గొండ అన్నా" అంటాడు.

అన్నకి అబ్బిన ఈ జ్ఞానానికి పుట్టిల్లు న్యూజిలాండ్. అక్కడ నీల్ ఫ్లెమింగ్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు, మంచి పంతుళ్ల దగ్గర కూడా కొందరు పిల్లలకి పాఠం ఎందుకు ఎక్కడం లేదా అని ఆలోచించి, 1987లో 'వార్క్' అనే ప్రశ్నావళి తయారుచేశాడు. చూసి, విని, చదివి రాసి, చేసి: నేర్చుకోవడానికి నాలుగు దారులన్నాడు. ఎవరికైనా అడ్రసు చెప్పాలంటే పటం గీస్తావా, నోటితో చెబుతావా, కాగితం మీద రాసిస్తావా, వెంట వెళ్లి చూపిస్తావా అన్న తరహా ప్రశ్నలు అందులో ఉంటాయి. పిల్లాడు తన చదువు గురించి నాలుగు మాటలు మాట్లాడటానికి పనికొచ్చే సరంజామా అది. అన్న చేతిలో పడ్డాక జాతకచక్రమైంది.

మొదట ఆయన స్టైల్ విజువల్ అని తేలింది. పాలిటీ పుస్తకం మీద హైలైటర్లతో దండయాత్ర మొదలైంది. ప్రాథమిక హక్కులకి పసుపు, ఆదేశిక సూత్రాలకి ఆకుపచ్చ, అత్యవసర పరిస్థితికి నారింజ. గులాబీ మాత్రం ముట్టలేదు, పార్టీ అంటగడతారని. ఇప్పుడా పుస్తకంలో రంగు అంటని వాక్యం కావాలంటే ముందుమాటలో వెతుక్కోవాలి. 356వ అధికరణం ఏంటన్నా అని అడగండి, "నారింజ రంగు, ఎడమ పేజీ, కింద మూల" అని ఠక్కున చెబుతాడు. ఆ మూలలో ఏముందంటే, "గదే, రాష్ట్రాలది" అని చెయ్యి ఊపుతాడు.

పరీక్ష పోయింది. అంటే స్టైల్ తప్పన్నమాట. మళ్లీ ప్రశ్నావళి నింపితే ఆడిటరీ అని వచ్చింది. పాఠాలన్నీ తన గొంతుతోనే రికార్డు చేసుకుని, రాత్రిళ్లు చెవుల్లో పెట్టుకుని పడుకునేవాడు. రాజ్యాంగ సవరణల్లో 73వది వచ్చేసరికి రోజూ గురక మొదలయ్యేది. పంచాయతీరాజ్ ఆయనకి ఇప్పటికీ రాదు.

ఆ తర్వాత చేసి నేర్చుకునే స్టైల్. ఇందిరా పార్కులో ఒక్కో రౌండు ఒక్కో నది. గోదావరి గేటు దగ్గర త్రయంబకంలో పుట్టి, మొదటి బెంచీ బాసర, రెండోది ధర్మపురి, చెట్టు మలుపు కాళేశ్వరం మీదుగా భద్రాచలం చేరేది. భద్రాచలం దాటగానే బయట మిర్చి బజ్జీల వాసన. అన్న గోదావరి ఏనాడూ సముద్రంలో కలవలేదు.

చివరికి చదివి రాసే స్టైల్ కూడా అయింది. పుస్తకం మొత్తం ఎత్తిరాశాడు. నోట్సు పుస్తకం కన్నా లావు తేలింది. ముత్యాల్లాంటి అక్షరాలు. జిరాక్స్ షాపువాడు దాన్ని స్పైరల్ బైండింగ్ చేసి ఎంతమందికి అమ్మాడో లెక్క లేదు. అది కొనుక్కుపోయిన ఒక తమ్ముడు ఇప్పుడు నాయబ్ తహసీల్దారు.

అన్నని పూర్తిగా కొట్టిపారేయడానికి మనసొప్పదు. ఇష్టాలు ఎవరికైనా ఉంటాయి, ఒకరికి వినడం హాయి, ఒకరికి బొమ్మ హాయి. హాయిగా ఉన్నదాంతో చదువు ఎక్కువ వస్తుందా అన్నదే పేచీ. 2008లో హాల్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు ఆ సంగతే తవ్విచూశారు. స్టైల్‌కి తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన రుజువు వాళ్లకి దొరకలేదు. దారి కోరేది విద్యార్థి కాదు, విషయం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు పటంలో చూడాలి, ఉచ్చారణ చెవితో పట్టాలి. చార్టు చూసి ఈత నేర్చుకున్నవాడు లేడు.

2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం అన్నకి ఇంకా గిట్టదు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో గెలిచారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లు గెలిచారు. అన్న రూమ్మేట్ చేసేది అదే. పుస్తకం మూసి పాత పేపర్లు రాస్తాడు, తప్పులు చూసి తనను తానే తిట్టుకుంటాడు, మళ్లీ రాస్తాడు. ఇందులో సుఖం లేదు. రంగు పూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, మూసి రాస్తే రాలేదని తెలిసిపోతుంది. తెలిసిపోవడమే అన్నకి పడదు.

నల్గొండ కుర్రాడు ఈమధ్య ఇదంతా ఎక్కడో చదివి, టీ కొట్టు దగ్గర అన్నకి వివరంగా చెప్పాడు. అన్న కప్పు పక్కన పెట్టి మరీ విన్నాడు.

"అంటే గిది అయిదో స్టైలన్నట్టు" అన్నాడు.

సాయంత్రానికల్లా టెస్ట్ సిరీస్ కట్ట కొనుక్కొచ్చాడు. నాలుగు రోజులైనా ప్లాస్టిక్ కవరు చిరగలేదు.

"రాసినవా అన్నా?"

"ఆగు తమ్మీ. ముందుగాల నాది టెస్టింగ్ స్టైలా కాదా తేల్చే టెస్ట్ ఏదన్న ఉన్నదేమో చూస్తున్న."