పుంజులకు ఇండ్లు చూసే వయసా ఇది?

డెబ్బయ్యేండ్లు దాటిన మనిషి ఏ పని చెప్పినా కాదనడని అనుకుంటారో ఏమో, మా మనమరాలు దసరా సెలవులు అయిపోతానే నాకు ఎనిమిది పుంజుల్ని అప్పజెప్పి బెంగళూరు బస్సెక్కింది. అమ్మేది కాదంట. కోసేది అసలే కాదంట. “మంచి ఇండ్లు చూసి ఇయ్యి జేజినాయనా” అంట. రేపు ఆ పిల్ల పెండ్లికి నన్నెవరూ సంబంధం చూడమనరు, వాళ్లకు వాళ్లే చూసుకుంటారు. పుంజుల కాడికి వచ్చేసరికి మాత్రం ఖాజీపేట మొత్తానికి పెద్దమనిషి నేనొక్కణ్ణే దొరికినా.

ఎనిమిది ఎట్ల వచ్చినాయంటావా? ఎండాకాలం మా ఇంటామె ఒక పెట్ట కింద పదమూడు గుడ్లు పెట్టి పొదగేసింది. ఇరవయ్యొక్క రోజులకు పదకొండు పిల్లలు లేచినాయి. అందులో ఆరు మగవి. ఇది లోకంలో ఉండేదే, సగానికి సగం అటూ ఇటూ. తక్కిన రెండూ సైకిలు మీద వచ్చినాయి. గంపలో ఎర్రవి, పచ్చవి, ఊదావి కోడిపిల్లల్ని పెట్టుకొని వీధి వీధీ తిరుగుతాడు చూడు, వాడి దగ్గర మా పిల్ల పది కొనింది. వద్దని చెప్పినా వినలే. వారం తిరక్కముందే ఎనిమిది పోయినాయి, రెండు బతికినాయి. రంగు పోయినాక చూస్తే రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండె, రెండూ పుంజులే. పుంజులు కాక ఏమైతాయి? గుడ్లకోళ్ల హేచరీలో మగపిల్ల పుడితే నష్టం కింద లెక్క. గుడ్డు పెట్టదు, బ్రాయిలర్ మాదిరి ఆరు వారాలకు బరువు తూగదు. ఒక్కరోజు పిల్లప్పుడే వెనకపక్క ఒత్తి చూసి ఆడా మగా తేలుస్తారు. జపానువాళ్లు 1920ల్లో కనిపెట్టిన విద్య అది. ఆడవి షెడ్డుకు పోతాయి, మగవి చాలామటుకు ఆ పూటే చస్తాయి, చావకుండా మిగిలినవి కొన్ని ఇట్ల రంగు పూసుకొని పిల్లోళ్ల చేతికొస్తాయి. మా రోజుల్లో కోడిపిల్లకు రంగు పూయాలని ఎవడికీ తోచలేదు. మసి, బూడిద, పేడ, అవే మాకు తెలిసిన రంగులు.

ఇప్పుడు ఇంట్లో తొమ్మిది పెట్టలు, పాత పుంజుతో కలిపి తొమ్మిది మంది మొగుళ్లు. పది పెట్టలకు ఒక పుంజు ఉంటే సంసారం నడుస్తుంది. మా దొడ్లో నడుస్తాండేది సంసారం కాదు, పంచాయతీ ఎన్నిక. పెట్టల వీపుల మీద ఈక నిలవలేదు, ఒక తెల్ల పుంజుకు కాలు కుంటి పడింది.

మా రోజుల్లోనా? పుంజుపిల్లకు జుట్టు ఎర్రబడక ముందే దాని మీద నలుగురి పేర్లు పడిపోయేవి. ఒకటి గంగమ్మ జాతరకు మొక్కుబడి. జంతుబలి కూడదని 1950లోనే చట్టం వచ్చిందంట, అప్పటికి నేను పుట్టలేదు, పుట్టి పెద్దయినాక కూడా మా ఊరి అమ్మవారికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఒకటి పురుడు పోసుకొని పుట్టింట్లో ఉండే ఆడబిడ్డకు. ఒకటి పక్కూరికి పోయేది, అక్కడి పుంజు మనింటికొచ్చేది. ఒకే నెత్తురు తిరిగితే పిల్లలు పీలగా లేస్తాయని మార్చుకునేవాళ్లం. దుంపలగట్టు పుంజు మా పెట్టలకు అల్లుడు, మా పుంజు ఆ ఊరి పెట్టలకు అల్లుడు. కట్నం లేదు, లగ్నపత్రిక లేదు.

ఇంక నిజం అల్లుని సంగతి. మా పెద్దబావది జమ్మలమడుగు. చెప్పాపెట్టకుండా వచ్చేవాడు. ఫోన్లు యాడివి? వీధి మొగదల ఆయన గొడుగు కనపడిందంటే మేం నలుగురం పిల్లోళ్లం పుంజు వెనక పడేవాళ్లం. అది గడ్డివామి ఎక్కి, వేపచెట్టెక్కి, ఎదురింటి మిద్దెక్కి, చివరికి కోమట్లింట్లో దూరేది. వండేదానికన్నా పట్టుకునేదానికే ఎక్కువసేపు పట్టేది. ముల్లాసాయిబు వచ్చి బిస్మిల్లా అని కోస్తే తప్ప మా నాయన ముట్టేవాడు కాదు, మేమేమో తురకలం కాకపోతిమి. ఎందుకని అడిగితే “మీ తాత ముట్టేవాడు కాదు” అనేవాడు, అంతటితో సరి. ఒక్క పుంజు, తినేవాళ్లు పద్నాలుగు మంది. బావకు తొడ, నాయనకు ఇంకో తొడ, మాకు తలా ఒక ముక్క, దోసెడు పులుసు. ఆ ముక్కను తట్ట అంచున పెట్టుకొని సంగటి ముద్ద అయిపోయేదాకా దాన్ని చూస్తా తినేవాళ్లం. మీరు ఆదివారం ఆదివారం ప్లాస్టిక్ కవర్లో కిలోలకు కిలోలు తెచ్చుకొని, అందులో మళ్లీ ఎముకలు లేనిది ఏరుకొని, సెల్లు చూస్తా తింటారు. ఏం తిన్నారో మీకు తెలుస్తుందా అని.

సరే, ఇండ్ల సంగతి కొస్తా. ఎదురింటాయన్ను అడిగినా. దొడ్డంతా బండలు పరిచి పెట్టుకున్నాడు, కోడి గీరుకోను మన్నే లేదు. పక్కింటి అబ్బోడు రాత్రంతా అమెరికాకు పనిచేసి తెల్లారి పండుకుంటాడు. నన్ను చూడంగానే “పెద్దనాయనా, ఇచ్చేదేమో గానీ ముందు ఉండేవాటి నోరు మూయించు” అన్నాడు. కోడి కూస్తే లేచేది పోయి కోడి కూస్తే పండుకునే మనుషులు వస్తారని మన బ్రహ్మంగారు కాలజ్ఞానంలో రాయడం మరిచిపోయినట్టుంది. మఠం దూరం కాదు, పోయి అడగాల.

కేసీ కాలవ కింద పసుపు పెట్టే నా చిన్ననాటి జోడుగాడు సంబరంగా రెండు చేతులూ చాపినాడు. “ఎనిమిదీ తే” అన్నాడు. ఆ వెంటనే ఇంట్లోకి తిరిగి “అల్లం ఉందా మేయ్?” అన్నాడు. నేను నోరెత్తి కోయకూడదని చెప్పేసరికి నన్ను ఎగాదిగా చూసి, “ఒంట్లో బాగుందా?” అన్నాడు. ఆఖరికి నెత్తురు మార్చుకునేదానికి ఒక నాటు పుంజును ఒప్పుకున్నాడు. అదొక్కటే మర్యాదగా జరిగిన సంబంధం.

గోదావరి పక్క పందెగాళ్లకు ఇయ్యమన్నాడు ఇంకొకడు. వాళ్లు డేగ, కాకి, నెమలి అని ఈక రంగు చూసి కుక్కుట శాస్త్రం తిరగేస్తారు. మా సైకిలు తెల్లవాటిని సేతువలని చెప్పొచ్చు గానీ, అవి పిల్లిని చూస్తే నా కాళ్ల సందున దూరతాయి. ఆ పందేలు తప్పని హైకోర్టు 2016లోనే చెప్పింది, కత్తి కట్టేవాడు వింటే గదా. మా పిల్లకు తెలిస్తే నాకే కత్తి కడుతుంది.

ఇంక ప్రొద్దుటూరులో మా అక్క ఉంది, ఎనభై దాటింది. రెండు పుంజుల్ని తలకాయలు బయటికి పెట్టి సంచిలో వేసుకొని బస్సెక్కినా. టికెట్టుకు చిల్లర తీసి పట్టుకున్నా, ఎందుకంటే 2022లో కరీంనగర్ పోయే బస్సులో ఒక పుంజుకు ముప్పై రూపాయల టికెట్ కొట్టినారని పేపర్లో చూసింటి. 2024 సంక్రాంతి ముందర ఆ కరీంనగర్ డిపోలోనే ఎవరో బస్సులో మరిచిపోయిన పుంజును మేపి మేపి, వేలం వేస్తామని ప్రకటన ఇచ్చినారు. మరిచిపోవడమేంది నాయనా! మా రోజుల్లో బస్సులో బిడ్డను మరిచినోళ్లు ఉన్నారు గానీ పుంజును మరిచినోడు లేడు. కండక్టరు నా సంచి చూసి నవ్వి “అల్లుడొచ్చినాడా పెద్దాయనా?” అన్నాడు. “కాదు నాయనా, దత్తత” అన్నా. మైదుకూరు దాటేదాకా బస్సు నవ్వు ఆపలేదు.

అక్క రెండిటినీ దొడ్లో వదిలింది. ఆ సమయానికి మా మనమరాలు వీడియోలో వచ్చింది, ఇల్లెట్లుందో చూపించమని. చూపించి, “మా రోజుల్లో ఈ ముద్దులు లేవు, పుంజంటే పులుసే” అని అందుకున్నానో లేదో అక్క సెల్లు లాక్కొనింది.

“వీని మాటలు నమ్మొద్దు బిడ్డా. తొమ్మిదేండ్లప్పుడు జాతర పుంజును గడ్డివామిలో బొరియ చేసి దాచినాడు. రెండు రాత్రులు దాని కాడనే పండుకున్నాడు. మూడోనాడు తెల్లారి అదే కూసి పట్టిచ్చుకునింది. వీడు మూడు దినాలు సంగటి ముట్టలేదు.”

“అప్పుడు నాకు జ్వరం” అన్నా.

“ఏం జ్వరం? పేరు కూడా పెట్టినాడు బిడ్డా దానికి...”

సెల్లు నేను లాక్కున్నా. ఛార్జింగు అయిపోయిందని చెప్పినా.

ఇప్పటికి మూడు తేలినాయి, ఇంకా ఐదున్నాయి. ఆ పిల్ల రాత్రి ఫోన్లో ఒక సంగతి చదివి వినిపించింది. నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో తేల్చినారంట, పుంజులు కూసేటప్పుడు పెద్దరికం ప్రకారం కూస్తాయని, మొదట పెత్తనం చేసేది, తర్వాత దాని కిందది, అట్లే వరసగా. దీనికి విశ్వవిద్యాలయం కావాల్నా? మా నాయన మంచంలో పండుకునే ఏది ఎవరి పుంజో చెప్పేవాడు. అయినా ఒకరు చెప్పినాక చెవి ఊరుకోదు. ఈ మధ్య తెల్లవారుజామున మెలకువ వచ్చి లెక్క పెట్టుకుంటాండా. పాతది కూస్తుంది. నాటువి ఒకటెనక ఒకటి అందుకుంటాయి. అంతా అయిపోయి, పక్కింటి అబ్బోడు కిటికీ ధడాలున మూసుకున్నాక, కుంటి తెల్లది గొంతు సవరించుకొని సగం కూత కూస్తుంది. అది కూసేదాకా నేను మంచం దిగను.

ఎవరికన్నా పుంజు కావాలంటే రండి, నాలుగున్నాయి.