పలక విన్న ప్రకాశం

నా వయసు అడగకండి. బళ్లో చేరిన ఏడు చెప్పగలను గానీ, పుట్టిన ఏడు కావాలంటే మార్కాపురం నేలనే అడగాలి. వంద కోట్ల ఏళ్లకు పైమాటే. నీటి అడుగున పేరుకున్న బురద, నేల లోపలి ఒత్తిడికీ వేడికీ అణిగి అణిగి నేనైంది. అందుకే పొరలు పొరలుగా ఉంటాను. సరైన గీటు మీద ఉలి ఆనించి నెమ్మదిగా తట్టాలి, అప్పుడు పుస్తకం తెరిచినట్టు విడిపోతాను. ఆ గీటు కనిపెట్టడమే పనితనం. తర్లుపాడు, కొనకనమిట్ల, మార్కాపురం క్వారీల్లో ఆ పనితనం గల చేతులు చాలా ఉండేవి. నా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మార్కాపురం పలక ఎంత నున్ననో అని మురిసేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక మా గిరాకీ పడిపోయింది. నా తోటి రాళ్లు టైళ్లయి ఓడలెక్కి, ఏ దేశంలోనో గోడలకు అతుక్కుంటున్నాయి. నాకు మాత్రం చెక్క చట్రం దక్కింది. గిద్దలూరు వైపు ఓ పల్లెబడిలో పడ్డాను. అక్కడినుంచి ఐదో తరగతి పిల్ల సంచిలోకి, సంచిలోంచి వాళ్లింటి అరుగు మీదికి.

2022 ఆగస్టు అది. టంగుటూరి ప్రకాశం పంతులు 150వ జయంతికి బళ్లో ఏకపాత్రాభినయం పెట్టారు. పిల్ల పేరిచ్చింది. రిటైరైన తెలుగు సారు ఒకాయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని నేర్పేవాడు. పిల్లకు ప్రకాశమంటే ఒకటే బొమ్మ: చొక్కా చించుకుని తుపాకీకి రొమ్ము చూపే మనిషి. వాళ్ల అవ్వకైతే అదీ లేదు.

"ఆయన సముద్రం వైపు మనిషి గదా, మనకేం చుట్టం? మేం కర్నూలోళ్లం" అనేది.

ఆమె మాటలో తప్పేం లేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడే మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడివడ్డాయి. ప్రకాశం పేరు పెట్టింది 1972లో. నల్లమల పక్కన పుట్టి పెరిగినామెకు వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పేరు మీదికి తెచ్చి పెట్టినట్టే ఉంటుంది.

సారు ఉపన్యాసం మొదలుపెట్టకుండా నా మీద ఒక తీసివేత లెక్క రాశాడు. పైన 1872, కింద 1867.

"ఐదు" అంది పిల్ల.

"ఆ ఐదేళ్లలోనే ఉందమ్మా కథంతా."

మొదటిది ప్రకాశం పుట్టిన ఏడు. రెండోది కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం పుట్టిన ఏడు. కవి అంటే నెరిసిన గడ్డం ఉండాలనుకునే పిల్లకు ఇది వింత. రాజమండ్రిలో వాళ్లిద్దరూ ఎదురుపడేనాటికి కవికే ఇరవై దాటి ఎన్నాళ్లో కాలేదు, ప్రకాశానికి ఇంకా నిండలేదు. అన్నాతమ్ముళ్ల వయసు.

వాళ్లను కలిపింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఒంగోలు మిషన్ స్కూల్లో మాస్టారు. ప్రకాశం తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ పూటకూళ్లు పెట్టి పిల్లల్ని సాకింది. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు ఆమె పట్టుచీర తాకట్టు పెట్టిందని సారు చెప్పినప్పుడు, లోపల బియ్యం చెరుగుతున్న అవ్వ చేట ఆపి వినడం నాకు తెలిసింది. నాయుడు రాజమండ్రికి మారుతూ ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుపోయాడు. చదువూ చెప్పించాడు, వేషమూ కట్టించాడు. ఆయనకు నాటకాల సమాజం ఉండేది, ఆ సమాజానికి నాటకాలు రాసిచ్చింది చిలకమర్తి. 1889లో కీచకవధతో మొదలు. ప్రకాశం ఆడవేషాలు కూడా వేశాడు.

పిల్ల పకపకా నవ్వింది. "చొక్కా చించుకున్నాయనా?"

నాకు నవ్వు రాలేదు. నా ఆలోచన చిలకమర్తి కళ్ల మీద ఉంది. ఆయనకు చిన్ననాటినుంచీ రేచీకటి. దీపం ముందు చదవలేక, తోటివాళ్లు చదువుతుంటే విని పట్టుకునేవాడు. తరవాత్తరవాత చూపు మొత్తం పోయింది. ఆయన చెబుతుంటే ఇంకొకరు రాసుకోవాల్సి వచ్చింది. పలకకు చూపుతోనే పని. వెలుతురుంటేనే నా మీద అక్షరం కనబడుతుంది. అలాంటి నాకు చెవితో చదువుకున్న కవి సంగతి కొత్త. చెవికి తెలిసినవాడు రాసిన మాట నోట్లో తిరిగి తీరాలి, నాలుకకు తట్టుకోకూడదు. మైకులు లేని కాలంలో, వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా అందేలా ఆ మాట పలకడం ఒంగోలు కుర్రవాడు నేర్చుకున్నాడు. వందలమంది కళ్లు తనమీదే ఉన్నా కాళ్లు వణక్కుండా నిలబడడమూ నేర్చుకున్నాడు. తర్వాత కోర్టులో, సభల్లో, శాసనసభలో పనికొచ్చింది అదే.

సారు ఇంకా దూరం పోయాడు. చిలకమర్తి గయోపాఖ్యానం కథ ఎత్తుకున్నాడు. లక్ష ప్రతులు అమ్ముడైన నాటకం. ఆకాశంలో పోతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మితే అది కృష్ణుడి దోసిట్లో పడింది. కృష్ణుడు చంపుతానన్నాడు. గయుడు అర్జునుణ్ణి శరణు వేడాడు. ఎవరి మీద యుద్ధమో తెలియకముందే అర్జునుడు మాటిచ్చేశాడు. తెలిశాక వెనక్కి తీసుకోలేదు, బావ అని చూడకుండా బాణం ఎక్కుపెట్టాడు. ప్రకాశం గాంధీగారితో సైతం విభేదించగలిగాడంటే ఆ తెగువ ఇక్కడిదేనని సారు నమ్మకం.

నేను అంతగా ఒప్పుకోను. మనిషి మొండితనానికి ఒక్క నాటకాన్ని కారణం చేస్తే సుబ్బమ్మను ఎక్కడ పెట్టాలి? నాయుణ్ణి ఎక్కడ పెట్టాలి? అయితే 1907 సంగతి విన్నాక నేనూ కొంచెం మెత్తబడ్డాను. ఆ ఏడు బిపిన్ చంద్రపాల్ వందేమాతర ఉద్యమం కోసం ఆంధ్రలో తిరిగాడు. రాజమండ్రిలో ఆయన ఉపన్యాసాన్ని తెలుగు చేసింది చిలకమర్తి. దేశాన్ని పాడియావుగా చూపి, పాలన్నీ ఎవరు పిండుకుంటున్నారో చెప్పిన ఆయన పద్యం అక్కడినుంచే ఊరూరా పాకింది. అదే ఏడు ప్రకాశం లండన్ నుంచి బారిస్టరై తిరిగొచ్చాడు. మద్రాసులో పాల్ సభకు అధ్యక్షత వహించడానికి పెద్దపెద్దవాళ్లు జంకుతుంటే తాను వెళ్లి కూర్చున్నాడు. ఒకరు రాజమండ్రిలో, ఇంకొకరు మద్రాసులో, ఒకే అతిథి పక్కన! ఒకరినొకరు అడిగి చేసింది కాదు గదా.

ఇక ఆ చొక్కా సంగతి. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌ను వెళ్లిపొమ్మన్న గుంపు మీద కాల్పులు జరిగి ఒకాయన చనిపోతే, శవాన్ని చూడాలని ప్రకాశం ముందుకు నడిచాడు. తుపాకులు అడ్డొచ్చాయి. ఆ తర్వాతిది పిల్లకు కంఠతా వచ్చు. ఆ రోజు ఆయనకు యాభై అయిదేళ్లు. ప్రాక్టీసు వదిలి, స్వరాజ్య పత్రికకు సంపాదనంతా ధారపోసిన మనిషి. ఆ ధైర్యం నాటకమని నేననను. కానీ జనం మధ్య ఒక్కడే నిలబడ్డ మనిషిని అందరి కళ్లూ ఎలా పట్టుకుంటాయో ఆయనకు రాజమండ్రి రంగస్థలం మీదే తెలిసింది.

"చొక్కా చించే సీన్ అందరూ వేస్తారు సార్. ఆరుగురు ఇచ్చారు పేర్లు" అంది పిల్ల నా మీద పిచ్చిగీతలు గీస్తూ. "నేను రాజమండ్రిది వేస్తా. చిలకమర్తిగారు చెబుతుంటే ప్రకాశం ఆడవేషానికి మాటలు నేర్చుకునేది."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆడపిల్ల మగవేషం కట్టాలి, ఆ మగపిల్లవాడు మళ్లీ ఆడవేషం కట్టాలి. అలా నేర్పినట్టు ఏ పుస్తకంలో ఉందని అడగబోయి మానుకున్నాడనుకుంటా. "పంచె నేను తెస్తా. చీర నువ్వు చూసుకో" అన్నాడు.

"అవ్వా, నీ పట్టుచీర ఇస్తావా?"

"తాకట్టు పెట్టను అంటేనే" అంది అవ్వ లోపల్నుంచి. "అంచు మీద సుద్ద పడిందంటే మాత్రం చూడు."