డ్రిల్లు మాస్టరుగారి ఈల ఆత్మకథ

ఇత్తడి రేకును గుండ్రముగా వంచి, అతుకు పెట్టి, పైన నికెలు పూత పూసి, కడుపులో చిన్న బెండుగుండు నొకదానిని బంధించినచో నేనగుదును. ఊదువారి ఊపిరి నా యిరుకు గొంతులో జొరబడి ఆ గుండును గిరగిర త్రిప్పగా, ఏకధారగా సాగవలసిన స్వరము తునుకలు తునుకలై వణకుచు ఆటస్థలమున ఈ కొననుండి ఆ కొనదాక వినవచ్చును. 1884 ప్రాంతమున ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హాము నగరములో జోసెఫ్ హడ్సన్ అనునతడు ఇట్టి ఈలను రూపొందించెననియు, నాటినుండి ఫుట్‌బాల్ రిఫరీలు మొదలు పోలీసులవరకు ఎందరో ఆ సంతతిని మెడలో ధరించిరనియు మా కులపురాణము చెప్పును. నేను మాత్రమంత ఘనవంశమున బుట్టినదానను గాను. ఆ అచ్చును జూచి మనదేశమునందే ఎవరో చేయగా, హైదరాబాదు సుల్తాన్ బజారులోని ఒక ఆటసామానుల దుకాణమున కొంతకాలము దుమ్ము గ్రోలి, భువనగిరి ప్రాంతపు ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టరుగారి మెడను జేరినదానను.

నా వృత్తి జనులను తొందరపెట్టుట. చెట్లక్రింద ముచ్చటలాడుకొను పిల్లలను వరుసలో నిలుపుట, నిలిచినవారిని నడిపించుట, నడచువారిని పరుగెత్తించుట, ఇంతకు మించి నాకు వేరొక ప్రయోజనము గలదని ఎవరును తలపలేదు, నేనును తలపలేదు. పని లేని వేళలలో ఉపాధ్యాయుల గదిలో ప్రపంచపటము ప్రక్కనున్న మేకునకు వ్రేలాడుచు పెద్దల మాటలు వినుచుందును. కావుననే ఆ మ్యూజియము యాత్ర సంగతి నాకు ఆమూలాగ్రముగా తెలియును.

సాలార్‌జంగ్ మ్యూజియము మూసీనది దక్షిణపుటొడ్డున దారుల్‌షిఫాలో కట్టిన క్రొత్త భవనమునకు 1968లో తరలి, కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, మా డ్రాయింగు మాస్టరుగారు ఎనిమిదవ తరగతి పిల్లల నచటికి తీసికొనిపోవలయునని ప్రస్తావించిరి. అంతకు పూర్వము మా బడివారు వెళ్ళిన యాత్రలన్నియు యాదగిరిగుట్టకో, నాగార్జునసాగరమునకో వెళ్ళినవే. గుడిలో దండము పెట్టవచ్చును, ఆనకట్టపై నిలిచి నోరు తెరువవచ్చును. బొమ్మల యెదుట నిలిచి ఏమి చేయవలయునో మాత్రము మా బడిలో ఎవరికిని తెలియదు. హెడ్మాస్టరుగారు సగము సందేహముతోనే సరే ననిరి.

సోషలు మాస్టరుగారికి ఆ సందేహము లేశమును లేదు. నిజాము కొలువున దివానులుగా వెలసిన సాలార్‌జంగు వంశీయులు మూడు తరములుగా కూర్చిన సంపద యిది యనియు, అందు మూడవవాడైన మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో దివాను పదవి నందుకొని, రెండేండ్లకే దానిని విడిచి, పెండ్లి లేక, బిడ్డలు లేక, 1949లో కన్నుమూయువరకు తన ధనమును బొమ్మలకును, పుస్తకములకును, గడియారములకును ధారపోసెననియు, 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలో నెహ్రూగారు దానిని ప్రజలకు తెరచిరనియు, 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెననియు ఆయన ఒక్క గుక్కలో జెప్పగలరు. అట్టివారికి దేనిని విడిచిపెట్టుటకు మనసొప్పును? పచ్చరాతి పనులు, టిప్పు సుల్తానువని చెప్పు దంతపు కుర్చీలు, చైనా పింగాణి, పారశీక తివాచీలు, బిద్రీ పాత్రలు, కత్తులు, కటారులు, సమస్తమును ఒక్కపూటలో చూపవలెననియు, ప్రతి పిల్లవానిచేత వాని పేర్లను నోటుపుస్తకమున వ్రాయించవలెననియు ఆయన సంకల్పము. గదికి మూడు నిమిషములు. మూడవ నిమిషము తీరగానే ఈల. ఆ మాట చెవిని బడినపుడు మేకుపై నేను గర్వమున మిడిసిపడితిని.

"మూడు నిమిషాల్లో ఏం చూస్తరు సార్? గోడమీది చీటీ రాసుకునేసరికే అయిపోతది" అనిరి డ్రాయింగు మాస్టరుగారు.

"మళ్ళెప్పుడు పోతరు సార్ ఈ పోరగాళ్ళు? అంత ఖర్చు పెట్టుకొని పోయినంక అన్నీ చూడొద్దా?"

"నాలుగు చూపిద్దాం. కూర్చోబెట్టి చూపిద్దాం. మిగతావి పెద్దయినంక వాళ్ళే పోయి చూసుకుంటరు."

ఈ వాదము కొన్నాళ్ళు సాగెను. టీ గ్లాసులు ఖాళీ యగుచుండెను గాని మాట తెగదు. తుదకు హెడ్మాస్టరుగారు, చూడని యిల్లు గూర్చి తగవేల, ముందు మీరు పోయి చూచి రండని డ్రాయింగు మాస్టరుగారిని పంపిరి. దారి తెలిసినవాడు గనుక డ్రిల్లు మాస్టరుగారు తోడు వెళ్ళిరి. ఆయన మెడతో నేనును వెళ్ళితిని.

ద్వారము కడ కావలివాడు నన్ను జూచి నవ్వి, "సీటీ నక్కో బజాఓ సాబ్, అందర్" అనెను. డ్రిల్లు మాస్టరుగారు సిగ్గుపడి నన్ను చొక్కా జేబులో వేసికొనిరి. అది మొదలు నాకు కనబడినదంతయు ఆ జేబు అంచున నుండి తొంగిచూచినదే.

ఇతరులు బొమ్మలను జూచుచుండగా డ్రాయింగు మాస్టరుగారు నేలను జూచుచుండిరి. ద్వారమునుండి మేలిముసుగు రెబెక్కా విగ్రహము కడకు ఎన్ని యడుగులో కొలిచిరి. దాని చుట్టును తోపులాట లేక ఎందరు పిల్లలు నిలువగలరో తానే అటునిటు తిరిగి లెక్కించి, పండ్రెండుగురు అని వ్రాసికొనిరి. మంచినీళ్ళెక్కడ, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ, సంచులెక్కడ విడువవలెను, ఏ గదిలో నేలపై గూర్చుండినచో కావలివారు కసరరు, ఇవన్నియు విచారించిరి. అర్ధచంద్రాకృతి గల ఆ భవనమును ఒక కాగితముపై గీసి, అందు నాలుగు చుక్కలు పెట్టి, చుక్కనుండి చుక్కకు గీతలు కలిపిరి. బొమ్మ గీయువానికి ఏమి గీయకూడదో తెలియుటయే విద్యలో సగమని నాకు దోచును. ఆ కాగితమున నాలుగు చుక్కలు తప్ప తక్కిన గదులన్నియు తెల్లగానే మిగిలెను.

చుక్కలలో మొదటిది రెబెక్కా. రెండవది ఒకే మ్రానున ముందు మెఫిస్టోఫిలిస్, వెనుక మార్గరెట్టా వెలసిన జంటవిగ్రహము. మూడవది రవివర్మ పటము. నాలుగవదానికై తిరిగి చిక్కు వచ్చెను. సోషలు మాస్టరుగారి ముఖము చిన్నవోవుట చూడలేక, ఇల్తుత్‌మిష్ పేరు గల పచ్చరాతి రెహల్, అనగా గ్రంథము నుంచి చదువుకొను పీట, నాలుగవ స్థానమునకు ఆయన కోరికమీద చేరెను. దాని యెదుట ఇరువదియైదు నిమిషములు తామే మాటలాడుటకు ఆయనకు అనుమతి లభించెను. నలువదియెనమండుగురు పిల్లలు, నాలుగు గుంపులు, చుక్కకొక ఉపాధ్యాయుడు. రవివర్మ పటము కడ హిందీ టీచరమ్మగారు. పది గంటలకు తలుపు తెరచినంతనే ఒక్కొక్క గుంపు ఒక్కొక్క చుక్క కడ మొదలుపెట్టి, ఇరువదియైదు నిమిషముల కొకపరి స్థానము మారును. పండ్రెండు కాకముందే అందరును సంగీతగడియారము ముందు గూడవలెను.

తేదీ నిర్ణయించునపుడు హెడ్మాస్టరుగారు శుక్రవారమనిరి. ఆనాడు ఊరి అంగడి యగుటచే బడికి హాజరు ఎటులను పలుచనగునని ఆయన యూహ. శుక్రవారము మ్యూజియమునకు సెలవని డ్రాయింగు మాస్టరుగారు కావలివాని నోట వినివచ్చినందున సరిపోయెను గాని, లేకున్న నలువదియెనమండుగురును మూసిన గేటుముందు దిగియుందురు. బుధవారము స్థిరమయ్యెను. ఆర్టీసీ బస్సు కిరాయి, టిక్కెట్లు, పిల్లవానికింత యని చందా, ఇవ్వలేనివారికి ఉపాధ్యాయులు తలా కొంచెము వేసికొనుట, ఈ లెక్కలు ఎచటనైనను నుండునవే. అనుమతిపత్రముపై వ్రేలిముద్ర వేయవచ్చిన ఒక తల్లి మాత్రము నాకు జ్ఞాపకమున్నది. ఆమె గుమ్మము దాటి లోనికి రాక, "బొమ్మలు చూసుటానికి అంత దూరమెందుకు సారూ? సరే గని, పొద్దుమూకక ముందే మా పిల్లను ఇంటికి తోలుకొస్తరా?" యని అడిగెను. డ్రాయింగు మాస్టరుగారు రెండవ ప్రశ్నకు మాత్రము జవాబు చెప్పిరి.

యాత్రకు ముందు ఆయన తరగతిలో చేసిన పని యొకటి తొలుత నాకు వింతగా దోచెను. ఒక ఇత్తడి బిందెను బల్లపై నుంచి, పలుచని పంచెముక్కను నీట ముంచి దానిపై గప్పిరి. తడిగుడ్డ బిందె మెడకడ కుచ్చులై, పొట్టకడ అంటుకొనిపోయి, గుడ్డక్రింద ఇత్తడి మసకగా మెరయుచుండెను. ఎక్కడ గుడ్డ కనబడుచున్నది, ఎక్కడ బిందె కనబడుచున్నది, రెండును కలిసి ఎక్కడ కనబడుచున్నవి, ఈ మూడును పెన్సిలుతో వేరువేరుగా గీయుడని పిల్లల నాజ్ఞాపించిరి. రెబెక్కా పేరెత్తలేదు.

డ్రిల్లు మాస్టరుగారి బెంగ వేరు. ఈల లేకున్న గుంపులు ఎట్లు మారును? ఆయన ఒక సాయంకాలము పిల్లలను మైదానమున నాలుగు మూలల నిలిపి, చేయెత్తగానే మాటలాడక తరువాతి మూలకు నడచుట అభ్యాసము చేయించిరి. నా రాజ్యమైన ఆ మైదానమునందే, నేను మెడలో నుండగానే, నా ప్రమేయము లేక నలువదియెనమండుగురు కదలిరి. అధికారము కోల్పోయిన దివాను దుఃఖ మెట్టిదో నాకానాడు కొంత తెలిసినది.

బుధవారము తెల్లవారుజామున బస్సు బయలుదేరెను. బీబీనగరము, ఘటకేశ్వరము, ఉప్పలు, నడుమ ఇద్దరికి వాంతులు. చెప్పదగినది మరేమియు లేదు.

రోము నగరమున 1876లో మొదటి సాలార్‌జంగు కొనితెచ్చిన రెబెక్కా విగ్రహమును ఇటలీ శిల్పి బెంజోని పాలరాత మలచెను. పెండ్లికొమరుని దూరమున జూచి ముసుగు కప్పుకొనిన కన్య యామె యని బైబిలు కథ. ముసుగును రాయే, ముసుగులోని ముఖమును రాయే. ఐనను పలుచని వస్త్రము వెనుక ముక్కు, పెదవులు స్పష్టముగా దోచును. పోయిన యాత్రికు లెందరో ఆహా యని సాగిపోవుచుండగా మా పిల్లలు మాత్రము నేలపై జతికిలబడిరి. కొంతసేపటికి ఒక బక్కపిల్ల లేచి, "సార్, గీమె మీద బట్ట తడిసిందా?" అనెను. డ్రాయింగు మాస్టరుగారు ఔననిగాని కాదనిగాని చెప్పక, ఎక్కడ తడిసినదో చూపుమనిరి. ఆ పిల్ల వ్రేలు గాలిలోనే, రాతిని తాకకుండ, చెక్కిలి కడనుండి భుజముమీది మడత వరకు నెమ్మదిగా సాగెను. తక్కిన పదునొకండుగురి తలలును ఆ వ్రేలి వెంట తిరిగెను. బిందె సంగతి నాకప్పుడు బోధపడెను.

జంటవిగ్రహము డ్రిల్లు మాస్టరుగారి వంతు. ఇది యెవరి కథ, ఎవరు చెక్కిరి అని చెప్పుట ఆయనకు చేతగాదు. అందుచేత డ్రాయింగు మాస్టరుగారు ఒక్క సూచన వ్రాసి యిచ్చియుండిరి: ముందు కూర్చుండబెట్టుము, అద్దము మాట ఎత్తవలదు. పిల్లలు ఆ గర్విష్ఠి పురుషుని గడ్డము, పెదవి విరుపు చూచుచుండిరి. ఎవడో నవ్వెను, ఎవడో ఆవులించెను. పిదప చివరి వరుసలోని యొకడు మెడ సాచి, "ఎనుక అద్దంల ఒక ఆడమనిషి ఉన్నది సార్, తల దించుకొని!" యని కేక వేయబోయి గొంతు తగ్గించుకొనెను. పండ్రెండుగురును లేచి వెనుకకు పోయిరి, ముందుకు వచ్చిరి, తిరిగి వెనుకకు పోయిరి. ఒకే మ్రానా, రెండు అతికినవా యని వారిలో వారికే తగవు పుట్టెను. డ్రిల్లు మాస్టరుగారును వారితో కలిసి ఆ బొమ్మ చుట్టు తిరుగుచుండిరి. గడువు తీరినపుడు అలవాటు చొప్పున ఆయన చేయి జేబులోనికి వచ్చినది. బొటనవ్రేలు నన్ను తాకినది, నా వీపును ఒకమారు రాచినది, నన్నచటనే విడిచి పైకెత్తబడినది. పిల్లలు ఆ చేతిని జూచినట్లే జూచి, ఇంకొక నిమిషము అద్దములోనికి జూచి, అప్పుడు కదలిరి. ఆ నిమిషమును ఆయన చూచి చూడనట్లూరకుండిరి. మైదానమున నైనచో ఊరకుండెడివారు కారు.

పచ్చరాతి పీట కడ సోషలు మాస్టరుగారు నాలుగు గుంపులకును నాలుగు మారులు ఢిల్లీ సుల్తానుల చరిత్ర చెప్పి గొంతు పోగొట్టుకొనిరి. పిల్లలకు దానిలో ఏమి మిగిలినదో నేనెరుగను; ఆయన ఆనందము మాత్రము ఎరుగుదును.

కుక్ అండ్ కెల్వీ వారి సంగీతగడియారము ముందు అప్పటికే జనసమూహము కిక్కిరిసియుండెను. అందలి చిన్న కమ్మరి క్షణమున కొక సమ్మెటపోటు వేయుచుండెను. పండ్రెండగు సమయమున బుల్లి తలుపు తెరచుకొని గడ్డపువాడొకడు వెడలి వచ్చి, గంటను పండ్రెండు మారులు కొట్టి, వచ్చిన దారినే పోయెను. అంతమంది పెద్దలు, పిన్నలు వానికొరకు ఊపిరి బిగబట్టి వేచియుండుట చూచి నాకు కలిగిన భావము అసూయయే యని ఒప్పుకొందును. నేను కూసినపుడు జనులు పరుగెత్తిపోవుదురు. వాడు కొట్టునని పరుగెత్తి వత్తురు.

అటుపిమ్మట పబ్లిక్ గార్డెన్సు చెట్లనీడను సద్దిమూటలు విప్పిరి. అచటి మరొక మ్యూజియమున ఈజిప్టు మమ్మీ కలదని ఎవడో చెప్పగా పిల్లలు పులిహోర చేతులతోనే దానివైపు పరుగెత్తబోయిరి. అప్పుడు, ఆ దినమున మొదటిసారిగా, డ్రిల్లు మాస్టరుగారు నన్ను నోట బెట్టుకొనిరి. పొద్దు వ్రాలక ముందే బస్సు ఊరు జేరెను.

మరునాడు ఉపాధ్యాయుల గదిలో సోషలు మాస్టరుగారు బొంగురుగొంతుతోనే వచ్చే యేటి ప్రస్తావన తెచ్చిరి. ఆ మమ్మీని, అజంతా చిత్రముల ప్రతులను, నాణెములను, శిల్పములను, ఆయుధములను పిల్లలకు తప్పక చూపవలెననిరి.

"మమ్మీ ఒకటి, అజంతా ఒకటి. రెండే సార్" అనిరి డ్రాయింగు మాస్టరుగారు, తెల్లకాగిత మొకటి ముందుకు లాగికొని.

"నాణేలు పెట్టుకుంటే మూడయితయ్ కద సార్!"

హెడ్మాస్టరుగారు టీ గ్లాసు దించి, "మీ రెండూ మూడూ తర్వాత. దానికి సెలవెప్పుడో ముందు కనుక్కొని రాండి" అనిరి.

"కనుక్కున్న సార్. అది గూడ శుక్రవారమే."