తెలుగు రచయిత కాదలచినవారికి శాస్త్రోక్త మార్గం

శాస్త్రగ్రంథం ఏదైనా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని ముందు తేల్చుకున్న తరువాతే మొదలుకావాలనీ, ఈ నాలుగింటికి అనుబంధ చతుష్టయమని పేరనీ పెద్దలు నిర్ణయించారు. తెలుగులో రచయిత కావడం ఎట్లాగన్నది ఇక్కడ విషయం. అధికారి అంటే ఆ పనికి అర్హత గలవాడు. ప్రయోజనాన్ని మాత్రం చివరికి వాయిదా వేయక తప్పదు, దాన్ని మొదటే చెబితే అధికారులు మిగలరు కాబట్టి.

అధికారి మొట్టమొదట తగిన ఇంట్లో పుట్టాలి. తగిన ఇల్లంటే పుస్తకాలూ ప్రోత్సాహమూ నిండుగా ఉన్న ఇల్లని లోకం అనుకుంటుంది కాని, సాహిత్యచరిత్ర సాక్ష్యం మరో విధంగా ఉంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) తూర్పుగోదావరి జిల్లా పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టి, వేదమూ, స్మార్తమూ, అంటే గృహస్థుల ఇళ్లలో కర్మలు జరిపించే విద్యా, నేర్చి కులవిద్య నిలబెట్టాలని ఇంటివారు కోరుతుండగా, ఆ ఇంట చదువు కింద లెక్కకే రాని తెలుగును పట్టుకున్నారు. ఆ పెనుగులాటే ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అనే ఆత్మకథకు ప్రాణం పోసింది కనుక, ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పకపోతే కాళ్లావేళ్లా పడి అయినా అడ్డుచెప్పించుకోవాలి. ఆస్తి విషయంలో విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) మార్గం అనుసరణీయం: తండ్రి శోభనాద్రి దానధర్మాలతో సంపద అంతా కరిగించగా, కొడుకు పేదరికాన్ని వారసత్వంగా అందుకుని, తెలుగుకు తొలి జ్ఞానపీఠాన్ని 1970 సంవత్సరానికి సంపాదించారు. ఈ పద్ధతి ఫలించడానికి నిండు జీవితం పడుతుందన్నది చిన్న లోపమే.

స్త్రీలకు శాస్త్రం వేరు. బండారు అచ్చమాంబ (1874–1905) తన ఇంట ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడుగా అక్షరాలు నేర్చి, 1902లో ‘ధనత్రయోదశి’ కథ ప్రచురించారు; అయినా తొలి తెలుగు కథ అన్న గౌరవం చాలాకాలం 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’కే చెల్లింది. కాబట్టి స్త్రీ ముందుగా రాస్తే సరిపోదు, ముందుగా రాసిందని ఎవరో ఒకరు తవ్వితీసేవరకూ వేచి ఉండాలి. వారపత్రికల సీరియళ్లు వెలిగిన రోజుల్లో రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగి, కొందరు పురుషులు స్త్రీల పేర్లు పెట్టుకుని రాసిన మాటా నిజమే. వారు పేరు అరువు తెచ్చుకున్నారు గాని, దానితోపాటు వచ్చే వంటింటి పనిని మాత్రం అసలు సొంతదారులకే వదిలిపెట్టారు.

తరువాత జీతం. రచనతో బతకాలన్న కోరికను అధికారి తొలినాడే మానుకుని, సాయంత్రాలు మిగిల్చే ఉద్యోగమొకటి వెతుక్కోవాలి. గురజాడకు విజయనగరం సంస్థానం, చలానికి బడుల తనిఖీ, ‘గాలివాన’ రాసిన పాలగుమ్మి పద్మరాజుకు రసాయనశాస్త్ర పాఠాలు, కాళీపట్నం రామారావుకు విశాఖపట్నంలో బడిపంతులు పని అన్నం పెట్టాయి. వీటిలో అత్యుత్తమమైనది జీతంతోపాటు పాత్రలను కూడా సరఫరా చేసే పని: రావిశాస్త్రి విశాఖలో వకీలుగా ఉండి, మద్యనిషేధ చట్టమూ, దాని చుట్టూ తిరిగే పోలీసులూ, ముద్దాయిలూ ఉన్న లోకం నుంచి ‘ఆరు సారా కథలు’ తీశారు. సాహిత్యచరిత్రకారులు ‘ప్రభావాలు’ అనే అధ్యాయంలో విదేశీ నవలాకారుల పేర్లు వరసగా రాస్తారు గాని, నెల మొదటి తారీఖు ప్రభావాన్ని ఇంతవరకూ ఎవరూ సరిగా పరిశోధించలేదు.

అయితే అన్నిటికంటె ముఖ్యమైన సాధనం ఇంట్లోని మరో మనిషి. పూర్వం కావ్యాన్ని అంకితం పుచ్చుకుని కవిని పోషించేవాణ్ని కృతిభర్త అనేవారు, అతడు సాధారణంగా రాజో మంత్రో అయ్యేవాడు. రాజ్యాలు పోయిన తరువాత ఆ బాధ్యత చాలా ఇళ్లలో రచయిత భార్యకు సంక్రమించింది: గది తలుపు మూసి ఉన్నంతసేపూ పిల్లలనూ, పాలవాణ్నీ, అప్పులవాళ్లనూ ఇవతలే నిలిపి, అర్ధరాత్రి కాఫీ కాచి, పుస్తకం అచ్చుకు గాజులో గొలుసో తీసి ఇచ్చేది ఆవిడే. రాజుగారికి అవతారికలో వంశవర్ణనా, షష్ఠ్యంతాలూ, అంటే ఆయన గుణాలను ‘కున్’ అని ముగిసే పద్యాలతో వరసగా పొగడడమూ దక్కేవి. ఆమెకు ముందుమాట చివర, డీటీపీ చేసినవారి పేరు తరువాత, ఒక వాక్యం దక్కుతుంది. రచయిత్రి అయిన అధికారికి ఇటువంటి పోషకుడు దొరకడం కష్టం గనుక ఆమె ఈ పేరా వదిలి ముందుకు పోవచ్చు.

ప్రచురణ గురించి చెప్పవలసింది తక్కువ. ముందుమాటను ప్రముఖుడి చేత రాయించుకోవాలి. ‘మహాప్రస్థానం’కు చలం 1940లోనే ‘యోగ్యతాపత్రం’ రాసి ఇచ్చినా పుస్తకం 1950లో వచ్చింది కాబట్టి, శ్రీశ్రీ అంతటివారికే పదేళ్లు పట్టిన పనికి ఇతరులు తొందరపడకూడదు. అచ్చు ఖర్చు రచయితదే. అమ్మినదానిలో వాటా దుకాణానిది. మిగిలిన ప్రతులు మంచం కిందివి. ఆవిష్కరణ సభకు వచ్చినవారు పుస్తకాన్ని ఉచితంగా స్వీకరించి, తీరిక దొరికాక చదువుతామని మాట ఇస్తారు. శాలువాలు మాత్రం చలికాలానికి సరిపోయినన్ని పోగవుతాయి.

ఇక వాయిదా వేసిన ప్రయోజనం. కావ్యానికి కీర్తి, ధనం, లోకజ్ఞానం, అమంగళ నివారణ, ఆనందం, ప్రియురాలు చెప్పినట్టు మెత్తగా చేసే ఉపదేశం అని మమ్మటుడు ఆరు ప్రయోజనాలు చెప్పాడు. తెలుగు రచయితల అనుభవంలో వీటిలో రెండవదానికి సాక్ష్యం బహు తక్కువ. పొరపాటున ధనం వచ్చినా రచయితలు దాన్ని నిలవనీయరు. కాళీపట్నం రామారావు పురస్కారాల సొమ్మును కూడబెట్టి 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ నెలకొల్పి, తమవి కాని వేలకొద్దీ తెలుగు కథలను అందులో భద్రపరిచారు.

ఇంతా చదివి, రచయిత కావాలన్న కోరిక తనకు లేదని తేల్చుకున్న పాఠకుడు ఎవరైనా ఉంటే, తెలుగు సాహిత్యానికి నేడు కొరతగా ఉన్నది అతడే. ఈసారి పరిచయమున్న రచయిత పుస్తకం తెస్తే, సంతకం చేసిన ఉచిత ప్రతి అడగకుండా అట్ట మీద వేసిన వెల పూర్తిగా చెల్లించి తీసుకోవలసిందిగా అతనికి మనవి.