మూడేళ్ల అగ్రిమెంటు

వనస్థలిపురంలో మా బాబాయి ఇంటి పైవాటా ఖాళీ అయింది. మూడేళ్లు ఉంటామని సంతకం పెట్టినవాళ్లు ఎనిమిది నెలలకే వెళ్లిపోయారు. ఆ అబ్బాయికి పుణెకు బదిలీ అయిందట. నెల ముందే చెప్పారు. ఆఖరి నెల అద్దె, కరెంటు బిల్లు కట్టేసి, తాళాలు చేతికిచ్చి మరీ వెళ్లారు. అయినా బాబాయి కోపం చల్లారలేదు. ఆదివారం పొద్దున్నే అగ్రిమెంటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఇంట్లో లాయరువి నువ్వుండగా బయటివాళ్ల దగ్గరికి ఎందుకురా పోవడం? ఏడో షరతు చదువు. మూడేళ్లలోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలలన్నిటికీ అద్దె కట్టాలి. ఇంకా 28 నెలలుంది. నెలకి 22,000 చొప్పున 6,16,000. అడ్వాన్సు 66,000 నా దగ్గరే ఉంది. అది పోను మిగతాదానికి రేపే నోటీసు పంపు."

ఆ షరతు కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి ఉన్నాయి.

"ఈలోపు ఇల్లు ఎవరూ అడగలేదా బాబాయ్?"

"బ్యాంకులో పనిచేసే మొగుడూ పెళ్లాలు వచ్చారు. అదే అద్దెకి ఒప్పుకున్నారు కూడా. నేనే పంపించేశాను. ఇల్లు ఖాళీగా ఉంటేనే కదా నష్టం చూపించేది!"

చాలామంది ఇంటివాళ్లు ఇక్కడే పొరబడతారు. కాగితం మీద ఎంత రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ దాన్ని గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది. కోర్టు ఇప్పించేది అంతకు మించని, సబబైన పరిహారం. నష్టం తగ్గించుకునే దారి ఉండీ చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ సంగతి కూడా లెక్కలోకి వస్తుందని 73వ సెక్షనే చెబుతోంది. కొత్తవాళ్లు దొరికేదాకా నిజంగా పోయిన అద్దె, బ్రోకరుకు ఇచ్చిన కమీషను వంటివి రసీదులతో అడగొచ్చు. అంతేగానీ, వచ్చినవాళ్లను గుమ్మంలోంచే వెనక్కి పంపి, ఆ అద్దె వెళ్లిపోయినవాళ్ల నెత్తిన రుద్దితే కుదరదు. అడ్వాన్సు అద్దెకున్నవాళ్ల కష్టార్జితం. రంగులనీ, మేకులు కొట్టారనీ సాకులు చెప్పి దాన్ని దిగమింగడం మన ఊళ్లో మామూలైపోయింది. చూస్తుంటే బాధేస్తుంది.

ఇదంతా చెప్పాక అగ్రిమెంటు మొదటి పేజీ తిప్పాను. వంద రూపాయల స్టాంపు కాగితం, నోటరీ గుండ్రటి ముద్ర. రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడా లేదు.

"బాబాయ్, ఇది రిజిస్టర్ చేయించలేదా?"

"నోటరీ చాలదా?"

చాలదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. ఊరంతా పదకొండు నెలలకే రాసుకునేది అందుకే. రిజిస్టర్ కాని కాగితంలోని మూడేళ్ల గడువు కోర్టులో నిలబడదు. అప్పుడది నెలనెలా సాగే అద్దె కిందే లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో ఏ పక్షమైనా ముగించవచ్చు. వాళ్లు నెల ముందే చెప్పారు.

బాబాయి మొహం మాడిపోయింది. "అంతా వాళ్ల పన్నాగమే. ముందే తెలిసి రిజిస్ట్రేషన్ లేకుండా నా చేత సంతకం పెట్టించారు. కావాలంటే వాట్సాప్‌లో మాట్లాడుకున్నదంతా చూడు. సాక్ష్యానికి పనికొస్తుందని ఒక్క ముక్క చెరపలేదు" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టారు.

ఎనిమిది నెలల కిందటికి వెళ్లాను. అద్దెకున్న అమ్మాయి మెసేజ్ కనిపించింది: "అంకుల్, పాప బడి మధ్యలో ఇల్లు మారాలంటే కష్టం. మూడేళ్లకి రిజిస్టర్ చేయిద్దాం. ఖర్చంతా మేమే పెట్టుకుంటాం."

కింద బాబాయి జవాబు: "రిజిస్ట్రేషన్ వద్దమ్మా. మా అబ్బాయి అమెరికా నుంచి ఎప్పుడొస్తాడో తెలీదు. వాడొస్తే మిమ్మల్ని వెంటనే ఖాళీ చేయించాలి కదా. అది లేకపోతే మూడేళ్ల మాట చెల్లదని అడిగే తెలుసుకున్నాను."

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. "వాళ్ల 66,000 వాళ్లకు పంపేయండి బాబాయ్, రూపాయి కూడా తగ్గించకుండా."